ఎత్తే చెయ్యి

పోకువా నానిన ఎర్ర గోంగూర పూలను గుడ్డలో మూటగట్టి గిన్నెలోకి పిండుతోంది. వంటింటి నిండా అల్లం ఘాటు. గోడ పక్కనున్న ఫ్రిజ్ ఒకసారి మూలిగి, టిక్కుమని ఆగిపోయింది.

“విన్నావా బిరాగో? ఆరు నెలలుగా ఇదే పాట. లోపల లైటు వెలుగుతుంది, చల్లదనం మాత్రం ఉండదు. లారీ స్టాండులో నేనమ్మే ఈ సోబోలో రసం వెచ్చగా ఉంటే ఎవడు తాగుతాడు చెప్పు?”

బిరాగో నేలమీద కూర్చుని ఇంకో టిక్కు కోసం చెవి ఒగ్గింది. కుమాసి పట్నంలో మూడేళ్ళు ఫ్రిజ్‌ల పని నేర్చుకుని, ఈ ఊళ్ళో పై వీధిలో ఉన్న అత్త ఇంటికి వచ్చి నాలుగు రోజులైంది. ఆడపిల్ల చేతికి ఫ్రిజ్ అప్పగించినవాళ్ళు ఇంతవరకూ లేరు. ఇది బాగైతే తమ ఇంటి వీధి వరండాలో బల్ల వేసుకుని బోర్డు కట్టుకోమంది పోకువా. బాగవకపోతే తిరిగి కుమాసి పోయి ఎవరి కిందో చేరడమే.

“కంప్రెసర్ పోయింది. పారెయ్యడమే,” అన్నాడు పోకువా భర్త బెడియాకో. ఆయన బల్ల దగ్గర సజ్జ గంజిలో అలసంద వడ ముంచుకుని తింటున్నాడు.

“వెనక విప్పి చూశారా బాబాయ్?”

“చూడక్కర్లేదు. టిక్కు వింటే చాలు నాకు.”

“ఆయనకి అన్నీ కూర్చున్నచోటే తెలిసిపోతాయి,” అంది పోకువా. “శనివారం చూస్తానంటాడు. ఎన్ని శనివారాలు పోయాయో!”

బిరాగో ఫ్రిజ్‌ను ముందుకి లాగింది. వెనక అంతా బూజు, రెండు బల్లిగుడ్లు. ఎవరి చెయ్యీ పడలేదు.

“షాక్ కొడితే ఏడవకే పిల్లా. జడ అల్లుకోవడం కాదిది.”

“ప్లగ్గు పీకేశాను బాబాయ్. మీ కాలి దగ్గరే ఉంది, చూడండి.”

పోకువా కిసుక్కున నవ్వింది.

కంప్రెసర్ పక్కన మూత తీసి, అగ్గిపెట్టెంత రిలేను బయటికి లాగి, చెవి దగ్గర ఊపింది బిరాగో. గలగలమంది.

“లోపల బిళ్ళ పగిలిందమ్మా. కంప్రెసర్‌కేం కాలేదు.”

“ఇంత ముక్కకే అంత పెట్టె చల్లబడటం మానేస్తుందా?”

“నిండు తట్ట నెత్తికెత్తుకోవాలంటే పక్కన ఒకరు చెయ్యి వెయ్యాలి కదా? ఎత్తాక మీరే మోసుకుపోతారు. కంప్రెసర్‌కి ఆ చెయ్యి ఈ రిలే. అది లేక ఎత్తబోయి ఎత్తలేక వేడెక్కిపోతోంది. కాలిపోకుండా ఇంకో మీట టిక్కుమని ఆపేస్తోంది.”

“కథలు బాగానే చెబుతోంది. అది తిరిగితే మీసం తీయించేస్తా!” అన్నాడు బెడియాకో.

బిరాగో సంచీలో వెతికి, అలాంటి పాత కంప్రెసర్‌ నుంచి ఊడదీసి దాచుకున్న రిలే ఒకటి తీసింది. ఊపింది. చప్పుడు లేదు. పిన్నులకి గట్టిగా నొక్కి ప్లగ్గు పెట్టింది.

ఫ్రిజ్ ఒక్కసారి వణికి, సన్నగా రొద అందుకుంది. ముగ్గురూ టిక్కు కోసం చూశారు. బెడియాకో చేతిలో వడ నోటి దాకా వెళ్ళి ఆగింది. పోకువా వంద లెక్కపెట్టింది. మళ్ళీ వంద లెక్కపెట్టింది.

టిక్కు రాలేదు.

పోకువా సోబోలో సీసాలన్నీ నింపేసరికి మంచు గది గోడకు తెల్లగా పొర కట్టింది. బెడియాకో గంజి చల్లారిపోయినా బల్ల దగ్గర నుంచి లేవలేదు. పోకువా మంచు మీద వేలితో గీత గీసి, ఆ వేలు మొగుడి చెంపకి ఆనించింది.

“చల్లగా ఉందా లేదా? మీసం సంగతేంటయ్యా?”

ఆ కేకకి పక్కింటి ఆడవాళ్ళు తొంగి చూశారు. పోకువా బిరాగో చెయ్యి పట్టి పైకెత్తింది.

“చూడండర్రా ఈ పిల్లని! రేపే బోర్డు కట్టు తల్లీ. లారీల వాళ్ళకి కూడా కనబడేంత పెద్దక్షరాలు!”

చప్పట్లు మోగాయి. బెడియాకో చెయ్యి కడుక్కున్నాడు. టోపీ పెట్టుకున్నాడు. వరండా దిగి వెళ్ళిపోయాడు.

“బాబాయ్ నొచ్చుకున్నట్టున్నారు,” అంది బిరాగో. “ఒక్క ఫ్రిజ్ బాగైతే అంత కోపమా?”

పోకువా నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

“ముందే చెబితే నీ చెయ్యి వణికేదని చెప్పలేదు,” అంది. “ఈ ఊరి ఫ్రిజ్ మెకానిక్ ఆయనే.”