మేస్త్రి కలిపిన డిప్పులు

"మూడు డిప్పులేగా! పావుగంట చాలు. నలభై ఏళ్ళు రంగులు కలిపిన చెయ్యి ఇది. ఈ చెయ్యి కలిపింది ఇంతవరకు ఒక్కటి తేడా రాలేదు," అంటూ రంగుల మేస్త్రి చొక్కా చేతులు పైకి మడిచాడు.

"కోతలు తర్వాత కోద్దురుగాని, ముందు ఆ వెల్లుల్లి ఒలవండి," అంది భార్య, కీరాలు నిలువుగా చీరుతూ. "తొమ్మిదేళ్ళ నుంచి సెలవుల విందుకి మీ వదిన చీటీలో మనకి రాసేది కాగితం ప్లేట్లే. మీ వాళ్ళంతా నన్ను ప్లేట్లమ్మ అని పిలుస్తున్నారు. ఇన్నాళ్ళకి దయ కలిగి కూరగాయల పళ్ళెం, ముక్కలు ముంచుకు తినడానికి మూడు రకాల డిప్పులు అని రాసింది. ఇది చెడిందో, ఇక ఈ జన్మకి ప్లేట్లే!"

"చెడటానికి ఇందులో ఏముందే? పొయ్యి వెలిగించే పని కూడా లేదు."

నిజమే, లేదు. గడ్డపెరుగులో వెల్లుల్లి, ఉల్లికాడలు కలిపితే తెల్లది. డబ్బాలో దొరికే ఉడికిన శనగల్లో నువ్వుల ముద్ద, నిమ్మరసం వేసి రుబ్బితే పసుప్పచ్చది. కొత్తిమీర, పుదీనా, అవకాడో మెదిపితే ఆకుపచ్చది. ముక్కలు కోసి పళ్ళెంలో పేర్చి, భార్య తయారవడానికి లోపలికి వెళ్ళింది. వచ్చి చూసేసరికి మూడు గిన్నెలూ కడిగి బోర్లించి ఉన్నాయి. బల్ల మీద ఒక పెద్ద బేసిను, దాని నిండా పాచి పట్టిన గోడ రంగులో ఏదో ఉంది.

"ఇదేమిటండీ?"

"తెల్లది నీళ్ళలా జారిపోయిందే. శనగలది గరిటె నిలబెడితే నిలబడేంత గట్టిగా వచ్చింది. ఆకుపచ్చది చూస్తే చారెడే." మేస్త్రి మెడ గోక్కున్నాడు. "పల్చనిదీ గట్టిదీ పక్కపక్కన కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. రెండు డబ్బాల్లో రెండు రకాలుగా ఉంటే ఒక బకెట్లో కలిపెయ్యాలి, లేకపోతే సగం గోడ ఒకలా, సగం గోడ ఇంకోలా..."

"గోడకెవరు పెడతారండీ తిండి!" అని భార్య కుర్చీలో కూలబడింది.

వదిన ఇంటికి చుట్టాలు వచ్చేవేళ అయింది. మళ్ళీ చేద్దామంటే చెంచాడు పెరుగు లేదు. మేస్త్రి వేలితో తీసి నాకాడు. ఇంకోసారి నాకాడు. కనుబొమలు పైకి లేచాయి.

"ఏమే, ఒక్కసారి రుచి చూడు."

"నేను చూడను. మీ వదిన చూస్తుంది, నా పరువు గంగలో కలుస్తుంది."

మేస్త్రి బేసిను దగ్గరికి లాక్కున్నాడు. ఉన్నదాన్ని మూడు గిన్నెల్లోకి సర్దాడు. ఒకదాని మీద మిరియాల పొడి చల్లాడు. ఒకదాని మీద పుదీనా ఆకులు గుచ్చాడు. మూడోదాని మీద నూనె చుట్టి, ఎర్ర కారం చిలకరించాడు. గోడ పాతదైతేనేం, పై పూత కొత్తది.

విందులో పళ్ళెం బల్ల మీద పెట్టిన పది నిమిషాలకే గొడవ మొదలైంది.

"మిరియాలదే బాగుంది," అన్నాడు పెద్దన్న, క్యారెట్ ముక్క ముంచుతూ.

"నీ నాలుక్కి తుప్పు పట్టింది బావా," అన్నాడు వదిన తమ్ముడు. "పుదీనాది చూడు, కడుపులో చలవ పందిరి వేసినట్టుంది!"

"మీరిద్దరూ పక్కకి జరగండి," అంది మేనత్త. "ఎర్రదాని ముందు ఆ రెండూ దిగదుడుపే. మీకేం తెలుసు, పళ్ళున్నాయి గాని రుచి తెలీదు."

చూస్తుండగానే ఇల్లు మూడు పార్టీలైంది. పుదీనా పార్టీవాళ్ళు మిరియాల పార్టీ గిన్నెలో ముంచితే చెయ్యి మీద దెబ్బపడుతోంది. గోడ పక్కన నిలబడ్డ మేస్త్రి భార్యకి నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

అప్పుడు వచ్చింది వదిన. మిరియాలదాంట్లో ఒక కీరా ముక్క ముంచింది. పుదీనాదాంట్లో ఒకటి. ఎర్రదాంట్లో ఒకటి. మూడూ నమిలి, మింగి, వేలు పైకెత్తింది.

"మరిదీ, ఒకసారి వంటింట్లోకి రా."

మేస్త్రి చేతిలో ప్లేటు బల్ల మీద పెట్టి వదిన వెనకే నడిచాడు. భార్య కళ్ళు మూసుకుంది.

వంటింటి తలుపు దగ్గరగా వేసి వదిన అడిగింది. "మూడూ ఒకటేగా?"

"ఒకటే వదినా," అన్నాడు మేస్త్రి. చెప్పేశాక ప్రాణం తేలికైంది, నవ్వు కూడా వచ్చింది. "ఈ చెయ్యి కలిపింది తేడా రాదని పొద్దున్నే కోతలు కోశాను. అరగంట తిరక్కుండా మూడూ పాడుచేశాను. తప్పంతా నాదే, మా ఆవిణ్ణేమీ అనకండి. వచ్చే ఏడు మళ్ళీ ప్లేట్లే తెస్తాం."

"ప్లేట్లెవరైనా తెస్తారయ్యా. నీలాంటివాడి కోసమే ఇన్నేళ్ళుగా చూస్తున్నాను," అంది వదిన. "బల్ల మీద నా నాలుగు కూరలు తిన్నావుగా. ఎలా ఉన్నాయి?"

"వేటి రుచి వాటిదే వదినా!"

వదిన పొయ్యి మీది పెద్ద గుండిగ మూత తీసింది. లోపల ఒకటే కూర. పక్కన నాలుగు చిన్న గిన్నెల్లో మీగడ, వేయించిన ఉల్లిపాయలు, నిమ్మచెక్కలు, కొత్తిమీర.

"పెళ్ళయినప్పటి నుంచీ ఇదే కథ. ఒక్కడూ కనిపెట్టలేదు," అంటూ గరిటె తెచ్చి మేస్త్రి చేతిలో పెట్టింది. "ఈ విద్య తెలిసినవాడు దొరికాడు, ఇక వదలను. వచ్చే ఏటి నుంచి వంటంతా నీదే. నేను ముందు వరసలో కూర్చుని తింటాను."

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. మామూలుగా పెంచి చెప్పేవాణ్ణి, మీరు నమ్మరేమోనని ఈసారి తగ్గించాను. వదిన కూరలు నాలుగు కాదు, ఏడు.