పెసరపిండి రెక్కలు

హాంకాంగ్ ఎండుచేపల వీధిలో క్వోక్ కొట్టు నిండా పెళ్లివిందు సూపుకి సొరచేప రెక్కలు కొనేవాళ్లే. కస్టమ్స్ యిప్ మేడమ్ ఒక మడత కాగితంతో వచ్చి, అందరికీ వినబడేలా అంది.

"శుభవార్త బాబాయ్. పోయిన వారం లైసెన్సు లేని సొరవని పట్టుకెళ్లిన నీ రెక్కలకి ల్యాబ్ రిపోర్టొచ్చింది. అసలవి సొరవే కావట, పెసరపిండి జెల్లీ అట. ఇంక కేసేముంది."

ఒక పెళ్లికొడుకు తల్లి చేతిలో పొట్లం బల్ల మీద పెట్టేసింది.

"మూడు తరాల కొట్టమ్మా. కాస్త మెల్లిగా అను," అన్నాడు క్వోక్.

"కాగితం అబద్ధమాడుతుందా బాబాయ్?"

క్వోక్ అటక మీంచి గోనెసంచి దింపి ఆవిడ ముందు గుమ్మరించాడు. "సుత్తితల సొర. వాసన చూడు. లైసెన్సడిగినా ఇవ్వరు, అంత అసలు సరుకు."

యిప్ మేడమ్ సంచికి సీలు వేసి, మడత కాగితం విప్పింది. అది ఎదురుగా ఉన్న నూడుల్స్ కొట్టు మెనూ.

"ల్యాబువాళ్లింకా పొట్లమే విప్పలేదు బాబాయ్."

క్వోక్ కాసేపు మెనూ చూశాడు. తర్వాత పెళ్లికొడుకు తల్లిని చూశాడు.

"సరే, కేసు రాయి. అసలు సరుకని మాత్రం పెద్దక్షరాలతో రాయమ్మా. గోడకి తగిలించుకుంటా."