సవతికి ఇంజిను పని

ఇంకా తెల్లారలేదు. మొగుడు పక్కమీద లేడు. ఎక్కడున్నాడో కొత్త కోడలికి వెతుక్కోవాల్సిన పని లేదు. లేచి కిటికీ తెరిచింది. వాకిట్లో లారీ బానెట్ ఎత్తి, నడుం దాకా లోపలికి వంగి ఉన్నాడు. చేతిలో ఆయిలు డబ్బా.

ఈమధ్య రోజూ ఇదే వరస. అడిగితే, "ఆయిలు తాగేస్తోంది" అంటాడు.

"నేనింకా కాఫీ తాగానో లేదో అక్కర్లేదు, దానికి మాత్రం తాగించేశాడు" అనుకుంది. కడుపు మండిపోయింది.

ఆ ఇంటికి ఆమెకన్నా ముందు కాపురానికొచ్చింది ఆ లారీ. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే సంసారం, ఒకటే బండి. బేరాలు అన్నయ్యవి, స్టీరింగు ఈమె మొగుడు చిన్నోడిది. పొద్దున్నే సిమెంటు బస్తాలేసుకుని బయల్దేరితే మళ్లీ దీపాలు పెట్టాకే ఇల్లు చేరడం. ఆదివారమూ లేదు, సెలవూ లేదు. పెళ్లయి ఇన్నాళ్లయినా మొగుడూ పెళ్లాలు కలిసి ఒక్క మధ్యాహ్నం అన్నం తిన్నది లేదు. వచ్చాక కూడా ముందు దాని అద్దం తుడిచి, టైర్లు తట్టి, ఆ తర్వాతే ఈమె మొహం చూస్తాడు.

కష్టపడే మనిషి కదా అని సరిపెట్టుకోవచ్చు. ఆమె సరిపెట్టుకోలేదు. లారీకి సవతి అని పేరు పెట్టుకుంది. బట్టలు ఆరేయడానికి వెళ్లినప్పుడల్లా, ఎవరూ చూడకుండా దాని టైరును ఓ తన్ను తన్నేది. నొప్పి మాత్రం తన కాలికే.

"ఒక్కరోజు ఇంట్లో ఉండమని నోరు తెరిచి చెప్పవే. అడగందే అమ్మయినా పెట్టదు" అంది తోడికోడలు.

"అడిగానక్కా. పెళ్లాం పక్కన కూర్చోడానికి బండి ఆపుతానని అన్నయ్యకి ఏ మొహం పెట్టుకుని చెప్పనూ అన్నారు. బావగారు ఇంట్లో ఉంటే నాతో మాట్లాడ్డానికే ఆయనకి సిగ్గు. దాంతో అయితే వీధంతా చూస్తుండగా కబుర్లు చెప్తారు."

తోడికోడలు పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. ఈమెకి ఇంకా మండింది.

అలాంటి సవతికి జబ్బు చేసింది. స్టార్టు చేస్తే చాలు, వెనకనుంచి నీలంగా పొగ. మొదట్లో కొత్త కోడలు లోలోపల సంబరపడింది. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. జబ్బు చేశాక దాని చుట్టూ ఆయన తిరగడం రెండింతలయింది.

చివరికి అన్నయ్యే మెకానిక్‌ని పిలిపించాడు. అతను చిన్నోడితో కలిసి చదువుకున్నవాడు. బానెట్ ఎత్తి, ఆయిలు చూసే పుల్ల బయటికి లాగాడు. పుల్లను చూశాడు, స్నేహితుడి మొహం చూశాడు. గుడ్డతో పుల్ల తుడిచి మళ్లీ లోపల పెట్టేశాడు.

"ఇంజిను దింపాల్సిందే" అన్నాడు.

ముందుగదిలో ముగ్గురూ కూర్చున్నారు. కొత్త కోడలు వంటింటి తలుపు వెనక చెవి ఆనించింది.

"రోజూ తిరిగే బండి. ఎన్నాళ్లు ఆపాలి?" అన్నాడు అన్నయ్య.

"రింగులు మార్చి వదిలేస్తే నాలుగైదు రోజులు. మొత్తం విప్పి, బోరు చేయించి, క్రాంకు సాన పట్టించి, హెడ్డు పని కూడా చూస్తే నెల. పాత ఇంజినే కదండీ, ఎప్పటికైనా తప్పదు."

"నెలా? అదేం కుదరదు. ఇంకో ఇంజిను అద్దెకి తెచ్చి తగిలిద్దాం. దీన్ని షెడ్డులో పెట్టుకుని తాపీగా చెయ్యి. బండి ఒక్కరోజు ఆగితే చాలు."

మెకానిక్ స్నేహితుడి వంక చూశాడు. అన్నయ్య ముందు ఎన్నడూ నోరు విప్పని చిన్నోడు అప్పుడు విప్పాడు.

"వద్దన్నయ్యా. దాంట్లో ఇంకోదాని ఇంజిను పెడితే నాకు నడపబుద్ధి కాదు. చేయిస్తే మొత్తం చేయిద్దాం. నెల పట్టనీ."

"మరి ఆ నెలా నువ్వేం చేస్తావు?"

"నాకు పనుందిలే" అన్నాడు చిన్నోడు, తల వంచుకుని. చెవులు కూడా ఎర్రబడ్డాయి.

తలుపు సందులోంచి ఆ ఎర్రదనం ఆమె కంటపడింది. పుండు మీద కారం చల్లినట్టయింది. కట్టుకున్న పెళ్లాం కోసం ఒక్కపూట అడగలేని మనిషి, దానికోసం అన్నకే ఎదురుచెప్పాడు.

అన్నయ్య కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే, నీ బండి, నీ పిచ్చి. రేపే దింపించు" అని లేచాడు.

చిన్నోడు ఈల వేసుకుంటూ గదిలోకొచ్చాడు. మంచం మీద సంచి. అందులోకి చీరలు విసురుతోంది పెళ్లాం.

"ఎక్కడికి?"

"పుట్టింటికి. అది లేచి తిరిగేదాకా నేను రాను. మీరు షెడ్డులోనే చాపేసుకుని దాని పక్కన పడుకోండి."

"షెడ్డులో నాకేం పని?"

"ఏం పనా? ఒక్కరోజులో పోయేదాన్ని నెలకి లాగారు. అద్దె ఇంజిను ముట్టుకుంటే అది మైలపడిపోతుందా? నాకోసం ఎప్పుడైనా బావగారితో ఇంత గట్టిగా మాట్లాడారా మీరు?"

కళ్లల్లో నీళ్లు తిరిగాయి ఆమెకి. సంచి మూతి బిగించింది. అతను గబగబా తలుపు దగ్గరికేశాడు. అన్నయ్య వినడంలేదు కదా అని ఓసారి చూసుకుని, ఆమె చేతిలోంచి సంచి లాక్కున్నాడు.

"మెల్లగా మాట్లాడు, ఓ నెల్లాళ్లు నీ దగ్గరుందామనే కదే, బాగున్న ఇంజిన్లో రోజూ అక్కర్లేని ఆయిలంతా పోసి పొగ తెప్పించింది."