దారి చెప్పే గొంతు

“మా ఆవిడ ఎక్కడుందిరా?”

షెడ్డు తలుపు తన్నుకుంటూ వచ్చిన బావ ఆ మాటతో పాటు స్పానరు కూడా విసిరాడు. కారులో కూర్చుని డాష్‌బోర్డు బిగిస్తున్న బామ్మర్ది తల తిప్పేలోగా నుదురు చిట్లింది. కంట్లోకి రక్తం దిగింది.

“అక్క సంగతి నాకు తెలీదు బావా.”

“తెలీకుండానే నా కారు నీ షెడ్డుకొచ్చిందా? మొన్న ఇందులోనేగా అది పారిపోయింది!”

జుట్టు పట్టుకుని తలను స్టీరింగుకేసి రెండుసార్లు కొట్టాడు. హారను కూడా రెండుసార్లు మోగింది. బామ్మర్ది పన్ను ఊడి ఒళ్లో పడింది. అయినా అతను చెప్పలేదు. బావ నడుముకు దోపుకున్న కత్తి చొక్కా కింద కనిపిస్తూనే ఉంది. చెబితే అక్కకు ఇవాళే ఆఖరు.

ఆ కారుకి నెల రోజులుగా అతనొక సరంజామా సొంతంగా తయారుచేస్తున్నాడు. అరచేతిలో పట్టే కంప్యూటరు బోర్డు, పాత టాబ్లెట్టు నుంచి పీకిన తెర, లోపలి అద్దం దగ్గరొకటీ వెనకొకటీ కెమెరాలు, ఒక సిమ్ము. ఇప్పుడు అతని చెయ్యి మెల్లగా తెర వెనక వైరు మీదికి పోయింది.

“ఏంట్రా పీకుతున్నావ్?”

బావ ఆ చేతిని లాగి డాష్‌బోర్డు అంచుకి ఆనించి మోచేత్తో గుద్దాడు. రెండు వేళ్లు ఎండుపుల్లల్లా విరిగాయి. బామ్మర్ది అరుపుకి షెడ్డు రేకులు అదిరాయి.

తెర వెలిగింది. మ్యాపులో ఒక ఎర్రచుక్క. దాని కింద ‘చివరిగా వెళ్లిన చోటు’ అని రాసి ఉంది.

బావ మొహం విచ్చుకుంది. “ఓరి నీ! నువ్వు నోరు మూసుకున్నా నీ డబ్బా మూసుకోలేదుగా!”

“వద్దు బావా, నీ కాళ్లు పట్టుకుంటా...”

ఆ కాళ్లతోనే అతన్ని కిందికి తన్ని, బావ సీట్లో కూర్చుని చుక్క నొక్కాడు.

“నేరుగా వెళ్లండి,” అంది కారు.

బావ ఉలిక్కిపడ్డాడు. “ఇది దాని గొంతు కదరా!”

“అక్క చేతే... రికార్డు చేయించాను,” నేల మీంచి మూలిగాడు బామ్మర్ది.

బావ పగలబడి నవ్వాడు. “పదేళ్లలో దాని మాట ఒక్కటి విన్న పాపాన పోలేదు. ఇవాళ వింటాలే!”

విన్నాడు. బుద్ధిమంతుడిలా, కుడికి అంటే కుడికి, ఎడమకి అంటే ఎడమకి తిప్పాడు. ఎదురొచ్చిన సైకిలువాడు కాలవలోకి దూకబట్టి బతికిపోయాడు. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో కత్తి. “వస్తున్నానే, నీ పని చెప్తా,” అని దారంతా పళ్లు కొరుకుతూనే ఉన్నాడు.

“ఎడమవైపు గేటులోకి తిప్పండి. మీరు రావలసిన చోటికి వచ్చేశారు.”

తిప్పాడు. చుట్టూ ఎత్తయిన గోడలు. కత్తి సరిగ్గా పట్టుకుని దిగబోతూ తలెత్తాడు. ఎదురుగా వరండాలో నలుగురు పోలీసులు తుపాకులు గురిపెట్టి నిలబడ్డారు. అది స్టేషను వెనకవైపు.

బావకి పై ప్రాణాలు పైనే పోయాయి. గేరు రివర్సులోకి తోశాడు. ఆ గొంతే మళ్లీ పలికింది, ఏమాత్రం తొణక్కుండా.

“వెనక్కి తీయకండి, జీపు అడ్డం పెట్టారు. మా తమ్ముడి వేళ్లు విరిచినప్పట్నుంచీ ఇన్‌స్పెక్టరుగారూ నేనూ మిమ్మల్ని చూస్తూనే ఉన్నాం.”