ఐదో సెట్టు

“మళ్ళీ పాడైపోయాయండీ,” అన్నాడు కళ్ళజోడాయన, ఇంజను సామాన్ల షాపు కౌంటరు ముందు నసుగుతూ నిలబడి. “క్యామ్‌షాఫ్ట్ బేరింగులు ఇంకో సెట్టు ఇవ్వండి.”

లోపల లేతు మిషను మీద పనిచేసుకుంటున్న మేస్త్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. అసలే చెల్లెలికి తెచ్చిన ఆరో సంబంధం కూడా నిన్ననే తప్పిపోయింది. వచ్చినవాడినల్లా ‘చెప్పేది వినే రకం కాదు’ అంటూ ఆమె తిప్పి పంపేస్తోంది. అమ్మా నాన్నా లేని పిల్లని ఓ ఇంటిదాన్ని చెయ్యలేకపోతున్నానన్న దిగులు అతన్ని తినేస్తోంది. దానికి తోడు ఈ శాల్తీ ఒకటి!

“ఇది ఐదో సెట్టు!” బయటికొచ్చి అరిచాడు మేస్త్రీ. “ఇంట్లో కూర్చుని సుత్తితో బాదితే వంకరపోవా మరి? ఇంజను ఇక్కడికి తెచ్చి పడెయ్యండి, గంటలో బిగించిస్తానని ఎన్నిసార్లు మొత్తుకోవాలి?”

“మన పని మనం చేసుకుంటే ఆ తృప్తే వేరండీ.”

“మీ తృప్తి సంగతేమో గానీ, మా సరుకే నాసిదని ఊరంతా అనుకుంటుంది!”

“నువ్వుండన్నయ్యా,” అంది కౌంటరులో ఉన్న చెల్లెలు. కాగితం మీద బొమ్మ గీసింది. “బేరింగుకున్న కన్నం, ఇంజనులో నూనె వచ్చే కన్నం ఎదురెదురుగా రావాలి. లేకపోతే నూనె అందక మాడిపోతుంది. అర్థమైందా?”

“ఇంకొక్కసారి చెప్పండి.”

ఆమె విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది. ఇస్త్రీ చొక్కా నలగకుండా వంగి ఆయన శ్రద్ధగా విన్నాడు. మట్టిబుర్ర, పైగా పిరికివాడు అనుకున్నాడు మేస్త్రీ. మొన్న చెల్లెలు లేనప్పుడు వచ్చి, కౌంటరులో తనని చూసి, తిడతాడని జడిసి కాబోలు, ఏమీ కొనకుండానే వెళ్ళిపోయాడు.

ఆదివారం మేస్త్రీ ఉండబట్టలేకపోయాడు. షాపు పరువు దక్కాలంటే వేరే దారి లేదు. బేరింగులు బిగించే రాడ్డు భుజాన వేసుకుని, బిల్లు మీదున్న అడ్రసు పట్టుకుని వెళ్ళి తలుపు తట్టాడు. కళ్ళజోడాయన తల్లి తలుపు తీసింది.

“మీ అబ్బాయి బేరింగులు కొనేది మా షాపులోనేనమ్మా. డబ్బులేం వద్దు, ఆ ఇంజను నేనే బిగించి పోతాను. ఎక్కడుందో చూపించండి.”

పెద్దావిడ అతన్నీ, భుజాన ఉన్న రాడ్డునీ ఎగాదిగా చూసింది.

“మావాడికున్నది సైకిలొక్కటే నాయనా!”