తిమ్మప్ప వంతు

చిక్కడపల్లి ఇరానీ హోటల్లో కుర్మయ్య కొట్టిన చెంపదెబ్బకు తిమ్మప్ప చేతిలోని సాసరు కింద పడి పగిలింది.

ఇద్దరూ సెంట్రింగ్ కూలీలు, దోస్తులు. తమ బస్తీ ఫుట్‌బాల్ టీం ఓడితే కుర్మయ్య కొట్టాలి, గెలిస్తే తిమ్మప్ప కొట్టాలి. సరదా పందెమే. ఈ తొంభై అయిదో సంవత్సరంలో ఆ టీం ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఇవాళ నారాయణగూడలో ఓడిన మ్యాచ్‌తో సీజన్ కూడా అయిపోయింది.

"మన గోల్‌కీపర్ బాలొస్తే జరిగి దారిస్తడు గదరా. వాని మీద పందెం కడ్తవా?" అని కుర్మయ్య పకపకా నవ్వాడు.

పక్క బల్ల దగ్గర నలుగురు కుర్రాళ్లు లేచారు. అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నవాళ్లు. పందెం సంగతి వాళ్లకు తెలియదు.

"నోరు లేనివాణ్ణి కొట్టి నవ్వుతావేంట్రా?" అంటూ ఒకడు కుర్మయ్య ముక్కు మీద గుద్దాడు. ఇంకొకడు జుట్టు పట్టుకుని తలను పాలరాతి బల్లకేసి కొట్టాడు. కింద పడేసి తన్నారు. నెత్తురుతో పాటు పన్నొకటి ఊడిపడింది.

"చెప్పురా తిమ్మప్పా," అని కుర్మయ్య మూలిగాడు.

తిమ్మప్ప కప్పులో మిగిలిన చాయ్ మెల్లగా తాగాడు. కప్పు బల్ల మీద పెట్టాడు.

"ఇడ్సిపెట్టుండ్రి అన్నా. నా దోస్తే. పందెం కట్టుకున్నం."

కుర్రాళ్లు తెల్లబోయారు. తిమ్మప్ప దోస్తును లేపి కూర్చోబెట్టి, తన తువ్వాలుతో నెత్తురు తుడిచాడు.

"ముందే చెప్పద్దారా?" అన్నాడు కుర్మయ్య.

"సీజన్ ఒడిసిపాయె గదరా. మన టీం గెలిచేదాక ఆగుడు నాతోని అయితదా?"