ఎగరని పక్షి

ప్రార్థన హాల్లో ముందు వరస కుర్చీలన్నిటి మీదా చేతిరుమాళ్ళు పరిచేశాడు రిటైర్డ్ సూపరింటెండెంటు.

ఆయన తరఫు బంధువులూ, వాళ్ళావిడ తరఫు బంధువులూ అక్కడ కూర్చోవాలి. ఇవాళ ఆయన మొట్టమొదటి ప్రసంగం.

రిటైరయ్యాక అందరూ షుగరు తెచ్చుకుంటే ఆయన గ్రీకు తెచ్చుకున్నాడు. ఇంట్లోవాళ్ళకి షుగరే నయమనిపించింది.

"బైబిల్లో ఆకాశపక్షుల్ని పెతెయినా అన్నారే. పిచ్చుకలైతే స్ట్రౌథియా. ఓర్నిస్ అంటే..." అని కాఫీ దగ్గరే మొదలెట్టేవాడు.

"ఆ మూడోది గుడ్లు పెడుతుందా?" అనేది వాళ్ళావిడ.

"పెడుతుంది. కోడి!"

"ఆ ముక్కేదో తెలుగులో ఏడవచ్చుగా."

ప్రసంగానికి ముగింపు కూడా రెడీ. కూతురు నర్సరీలో ఉండగా బడి కప్పు కూలింది. అక్కడి ఆయా ఆయన కూతురితో సహా నలుగురు పిల్లల్ని పొట్టకింద వేసుకుని, పైన తను పడుకుంది. పిల్లలకి గీతైనా పడలేదు. ఈయన ఆస్పత్రికి పరిగెత్తేసరికి ఆవిణ్ణి వేరే ఊరు తీసుకుపోయారు. తర్వాత ఉందో పోయిందో తెలీదు.

"పోయిందని చెప్తా. జనం కదులుతారు" అన్నాడు నిన్న.

"ప్రసంగం కోసం మనిషిని చంపేస్తారా మహానుభావా!"

"నీకు ప్రసంగమంటే ఏంటో తెలీదు."

ఇంతలో ఎవరో ముసలావిడ ఒక రుమాలు పక్కకి పెట్టి ముందు వరసలో కూర్చుంది.

"అమ్మా, అది మా బావమరిదిది."

"రుమాలాండీ?"

"కుర్చీ!"

"మీ అమ్మాయిగారు రమ్మన్నారండీ. ముందు కూర్చోమన్నారు. మీకు ఫోన్ చేస్తానన్నారు."

ఫోను పొద్దున్నే కట్టేశాడు, బట్టీ పట్టింది చెదిరిపోతుందని. కూతురు డాక్టరు. హాలు నిండాలి, పేషెంట్లందర్నీ పిలవమ్మా అని దానికి చెప్పింది ఆయనే.

"వెనక బోలెడు కుర్చీలున్నాయి. అక్కడ కూర్చో అమ్మా."

ఆవిడ లేచింది. రుమాలు మళ్ళీ ముడతల్లేకుండా పరిచి వెనక్కి వెళ్ళింది. హాలు నిండాక అక్కడికీ ఎవరో చంటిపిల్లతో వస్తే, ఆ కుర్చీ కూడా ఇచ్చేసి వరండాలో నిలబడింది.

బంధువులు రాలేదు. ప్రసంగం రుమాళ్ళనుద్దేశించి మొదలైంది.

అయితేనేం, అదిరిపోయింది.

"ప్రభువు తనని గద్దతో పోల్చుకోలేదండీ! ఓర్నిస్... కోడితో పోల్చుకున్నాడు! పాపం, పిట్టగోడ దాటి ఎగరలేదు. కానీ పిల్లల మీదికి గండం వస్తే, ఆ ఎగరలేని రెక్కలే ఇంటికప్పు. అలాంటి తల్లిని నేనెరుగుదును..."

ఆయా సంగతి చెప్పాడు. "ఆ తల్లి ఇవాళ మన మధ్య లేదు" అనేసరికి ఆయన నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. ఆవిడ పోయిందన్నది కల్పితమని ఆయనే మర్చిపోయాడు. హాలంతా ముక్కు చీదింది. వద్దన్న వాళ్ళావిడ అందరికంటే గట్టిగా చీదింది.

అయ్యాక పాస్టరుగారు పట్టుకున్న చెయ్యి వదల్లేదు. "వచ్చే నెల కూడా మీరే సార్."

కాళ్ళు నేలకి ఆనకుండా వరండాలోకి వచ్చాడు సూపరింటెండెంటు.

వాచ్‌మన్ ఎదురొచ్చాడు. "అయ్యగారూ, ఆ పెద్దమ్మ బస్సెక్కేసిందండీ. మీ అమ్మాయిగారు వచ్చేదాకా ఉండమన్నా ఉండలేదు."

"ఏం, ప్రసంగం నచ్చలేదటా?"

"నచ్చకేం! కిటికీకి చెవి ఆనించి మరీ వింది. చాలా బాగా చెప్పారంది."

"మరి వెళ్ళిపోవడం దేనికి?"

వాచ్‌మన్ తల గోక్కున్నాడు.

"ఏమోనండీ, నాకైతే అర్థం కాలేదు... 'నేను పోయానని అంతమందిలో చెప్పేశారు కదా బాబూ, ఇప్పుడు కనబడితే పాపం ఆయన మాట పోతుంది' అంది."